వెలిగిన బొమ్మ, మసక బొమ్మ

మా నాన్న ముప్పై రెండేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. బస్సెక్కి మనుషుల ముఖాలు ఒక్కసారి చూస్తే చాలు, ఎవరి దగ్గర టికెట్టు లేదో తెలిసిపోయేదట ఆయనకి. నిద్ర నటించేవాళ్ళని చూశాడు, మూర్ఛ నటించేవాళ్ళని చూశాడు, లేని జేబులన్నీ తడుముకుంటూ దిగాల్సిన స్టాపు దాకా కథ లాక్కొచ్చేవాళ్ళని చూశాడు. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ తనిఖీ పోలేదు. ఇంట్లో ఎవరైనా తలనొప్పి అంటే దగ్గరికొచ్చి కళ్ళల్లోకి చూసేవాడు. నా చిన్నప్పుడు జ్వరమొచ్చిందంటే థర్మామీటరు తనే పెట్టి, తనే తీసి, నమ్మకం కుదరక మళ్ళీ పెట్టేవాడు.

అలాంటి ఇంట్లో మా తమ్ముడికి జబ్బు చేసింది. అదీ థర్మామీటరుకి అందని జబ్బు.

వాడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసేవాడు. చేతిలో పనుంది, ఓపిక ఉంది. నాన్న పెట్టుకునే జోడు కూడా వాడు చేసిందే. చలికాలంలో ఒకరోజు ఎవరో పంతులుగారు జోడు కోసం వస్తే ఇవ్వనని మొండికేశాడట. "ఇది పెట్టుకుంటే ఆ ఇద్దరూ మీకూ కనపడతారండీ, వద్దు" అన్నాడట. షాపాయన మంచివాడు, ఆటో ఎక్కించి ఇంటికి పంపించాడు.

ఆ ఇద్దరూ ఎవర్రా అంటే, ఒక ముసలాయన, ఒక ఆడమనిషి అన్నాడు. ఎడమ చెవి పక్కనే ఉంటారట. ముసలాయన పొద్దస్తమానం తిడతాడు. ఆవిడ తిట్టదు. "కాస్త ఓర్చుకో, కాస్త ఓర్చుకో" అంటూ ఉంటుంది. ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ భయమని అమ్మ అడిగితే ఆవిడే అన్నాడు.

అమ్మా నేనూ వాణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గంటసేపు మాట్లాడి మాత్రలు రాశాడు. ఆలస్యం చేసినకొద్దీ జబ్బు ముదురుతుందనీ చెప్పాడు. నాన్న ఆ చీటీని వెలుతురుకి ఎత్తి దొంగ టికెట్టును చూసినట్టు చూశాడు. "పని ఎగ్గొట్టడానికి వేషం. వీడికంటే బాగా వేసేవాళ్ళని రోజుకి పదిమందిని దింపేశాను. మాత్ర అంటూ వీడి నోట్లో పడితే నేనీ ఇంట్లో ఉండను" అన్నాడు. ఆ రోజు నుంచి తమ్ముడి పేరు మారిపోయింది. వేషగాడా, లే. వేషగాడా, తిను. వాణ్ణి ఐదింటికల్లా లేపి తన వెనక నాలుగు మైళ్ళు నడిపించేవాడు. రోజూ ఇంట్లో చెప్పులన్నీ పాలిష్ చేయించేవాడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చేతిమీద స్కేలుతో కొట్టేవాడు. ఇరవై మూడేళ్ళవాణ్ణి.

ఇక నా సంగతి. నేను పనిచేసేది మెదడు స్కానింగు కేంద్రంలో. జబ్బులు తేల్చే చోటు కాదు, పరిశోధన చేసే చోటు. మనిషిని బల్లమీద పడుకోబెట్టడం, తల అటూ ఇటూ కదలకుండా పట్టీ బిగించడం, మిషను లోపలికి తోయడం నా పని. ఆ ఎండాకాలం అక్కడ జరుగుతున్నది ఒకటే పరిశోధన. మెదడులో డోపమిన్ అని ఒక పదార్థం ఉంటుంది. లేని గొంతులు వినపడేవాళ్ళలో అది ఎక్కడ, ఎలా హద్దు తప్పుతోందో చూడాలి. దానికి ఇంకా మందు మొదలుపెట్టని రోగులు కావాలి. మందు పడితే బొమ్మ మారిపోతుంది. అలాంటి రోగులు దొరకడం గగనమైపోయింది. పరిశోధన నడిపే మేడం రోజూ ఆసుపత్రులకి ఫోన్లు చేసేది.

ఒక్క మనిషి బొమ్మ చూసి జబ్బు ఉందో లేదో చెప్పలేమని ఆ మేడమే మాకు వందసార్లు చెప్పింది. ఇరవైమంది రోగుల్ని, ఇరవైమంది బాగున్నవాళ్ళని పక్కపక్కన పెట్టి లెక్క తీస్తే గానీ తేడా బయటపడదు. విన్నాను. అందరికీ అలాగే గానీ మావాడి విషయంలో మాత్రం కనపడుతుందనుకున్నాను. ఇన్ని బొమ్మలు చూసిన కళ్ళకి కనపడకపోతుందా అనుకున్నాను. కనపడగానే తీసుకెళ్ళి నాన్న ముందు పెడతాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా ఆయన నోరు మూయించాలి. తమ్ముడికి నయమవడం నాకు రెండోది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం లేదు.

కాగితాలమీద ఎవరి తమ్ముడో రాశాను, ఆ దాపరికం లేదు. "ఇంతవరకు మందు వాడారా?" అన్న చోట లేదని రాశాను. నాకు తెలిసినంతవరకు అది నిజమే. "చికిత్స ఎందుకు మొదలుపెట్టలేదు?" అన్న చోట, డాక్టరు ఇంకా రాయలేదని రాశాను. అది అబద్ధం.

స్కానుకి వరస రావడానికి ఆరువారాలు పట్టింది. ఈ ఆరువారాల్లో మా ఇంట్లో ఒక వింత జరిగింది. తమ్ముడు తేరుకోసాగాడు. చెవి మూసుకోవడం తగ్గింది. చెప్పులు పాలిష్ చేస్తూ కూనిరాగం తీశాడొకరోజు. నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. టీ కొట్టు దగ్గర చేరి, "డాక్టర్లూ లేదు, గీక్టర్లూ లేదు. నాలుగు మైళ్ళ నడక, రెండు స్కేలు దెబ్బలు. వేషం దిగిపోయింది" అని చెప్పుకునేవాడు. నాకు వాడు బాగుపడుతున్నందుకు సంతోషం లేదు. స్కాను రోజుకి బొమ్మలో చూపించడానికి జబ్బు మిగులుతుందా అని దిగులు. జబ్బుకి ఆటుపోట్లుంటాయి, ఇది పోటు తగ్గిన కాలం అని సర్దిచెప్పుకున్నాను.

స్కాను పొద్దున అమ్మ ఎప్పటిలాగే వాడికి పాలగ్లాసు ఇచ్చింది. ఇచ్చి నావైపు చూసింది. "ఇవాళ తప్పదా?" అంది.

"సూదిమందు ఒకటి పొడుస్తారు, గంటన్నర పడుకుంటాడు. దీనికేం భయం?"

"నాకేం భయం" అంది అమ్మ. ఖాళీ గ్లాసును మూడుసార్లు కడిగింది.

ఆ సూదిమందు సంగతి కూడా చెప్పాలి. మా కేంద్రం నేలమాళిగలో ఒక యంత్రం దాన్ని అప్పటికప్పుడు చేస్తుంది. పుట్టిన ఇరవై నిమిషాలకే దాని బలం సగం చచ్చిపోతుంది. అందుకని కిందనుంచి డబ్బా బయల్దేరిందని ఫోను రాగానే పైన రోగి సిద్ధంగా ఉండాలి. తమ్ముడు బల్లమీద పడుకుని, నేను పట్టీ బిగిస్తుంటే అడిగాడు.

"అక్కా, వాళ్ళు బొమ్మలో పడతారా?"

"పడతారు" అన్నాను.

"ఇద్దరూ?"

"ఇద్దరూనూ. నువ్వు మాత్రం కదలకూడదు. కాస్త ఓర్చుకో."

వాడు కళ్ళు పెద్దవి చేసి నన్నే చూశాడు. ఎందుకలా చూశాడో అప్పుడు నాకు తట్టలేదు. గంటన్నర రాయిలా పడుకున్నాడు. అంత కదలని మనిషిని ఆ ఏడాది చూడలేదని పక్క గదిలో అందరూ మెచ్చుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత మేడం నన్ను తన గదికి పిలిచింది. తెరమీద తమ్ముడి మెదడు. మామూలుగా అయితే ఆ బొమ్మలో మధ్యన, అటొకటి ఇటొకటి, రెండు చిక్కుడు గింజల్లాంటి చోట్లు ధగధగ వెలగాలి. వాడి బొమ్మలో అవి ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. నా గుండె ఎగిరింది. ఇదే, ఇదే జబ్బు, ఇంత స్పష్టంగా!

"మీ తమ్ముడు మాత్రలు వేసుకుంటున్నాడు" అంది మేడం.

"లేదండీ. ఇంట్లో ఎవరూ..."

"జబ్బుని నేను ఒక్క బొమ్మలో పట్టలేను. మాత్రని మాత్రం పట్టగలను. మెదడులో మందు కూర్చునే సీట్లుంటాయి కదా, వాటిలో ముప్పాతిక వంతు మాత్రే కూర్చుని ఉంది. మన సూదిమందుకి చోటు దొరకలేదు. రోజూ వేస్తున్నారు, వారాల తరబడి వేస్తున్నారు. ఎవరో గానీ సరిగ్గానే వేస్తున్నారు."

కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే వినడమే గానీ, ఆ ఎలుక మా అమ్మ అవుతుందనుకోలేదు. ఆ పాలగ్లాసు, మూడుసార్లు కడగడం అన్నీ కళ్ళముందుకొచ్చాయి.

"ఇతన్ని తీసేస్తున్నాను" అంది మేడం. "అదృష్టం, మందు పనిచేస్తోంది. ఆపనివ్వకండి. మీవాడి పదిహేడో నంబరు ఖాళీ అని రాయండి."

నేను లేవలేదు. "మూడువారాలు ఆపి మళ్ళీ తీస్తేనో?" అన్నాను.

"మనం ఆపమని చెప్పకూడదు."

"మనం చెప్పం."

మేడం తెరవైపు చాలాసేపు చూసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. మా అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేది. "ఒకే మనిషి, మాత్రతో ఒకటి, మాత్ర లేకుండా ఒకటి" అంది, నాతో కాదన్నట్టు. "అలాంటి జత మన దగ్గర ఒక్కటి కూడా లేదు." ఆ తర్వాత బల్లమీది కాగితాలు సర్దుతూ, "కొంతమంది తమంతట తామే మానేస్తారు. అది మన చేతుల్లో ఉండదు. అలా మానేస్తే నాకు చెప్పండి" అంది.

నంబరు కొట్టేయమని మళ్ళీ అనలేదు. నేనూ కొట్టేయలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్నా తమ్ముడూ నడకకి వెళ్ళారు. అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది.

"పాలల్లో ఏం కలుపుతున్నావమ్మా?"

"చక్కెర."

"ఇంకా?"

కత్తి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"మిషను."

అమ్మ పీటమీద అలాగే కూర్చుండిపోయింది. "నీ మిషనుకి నేనేం అన్యాయం చేశానే" అంది. తర్వాత గొంతు తగ్గించి గబగబా చెప్పుకొచ్చింది. చీటీ నాన్న చించేస్తే ముక్కలు ఏరి అతికించుకుందట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎవరూ చూడట్లేదనుకుందట. "వాడు నాతో చెప్పాడే. ఆ ఇద్దరూ నిద్రపోయారమ్మా అన్నాడు. మొన్న మంగళవారం పెరట్లో పిట్ట అరిస్తే వినపడిందన్నాడు. ఎన్నాళ్ళకి విన్నానమ్మా అన్నాడు. మీ నాన్న తనవల్లే అనుకుంటున్నారు, అనుకోనీ. నాకేం పోయింది?"

"మాత్రలు ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇరవై ఒక్క రోజులు. అంతే. మళ్ళీ బొమ్మ తీస్తారు. అది చూస్తే నాన్నే ఒప్పుకుంటారు. జీవితాంతం దొంగచాటుగా పాలల్లో కలుపుతావా? ఆయన చేత్తోనే వేయిస్తాను చూడు."

"వాడు మళ్ళీ అలా అయిపోతే?"

"కాస్త ఓర్చుకోవాలి."

"వద్దే. నీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగింది. అరవై ఏళ్ళ అమ్మ.

నేను వెనక్కి జరిగి, "నాన్నకి చెప్పనా?" అన్నాను.

అమ్మ లేచింది. పప్పు డబ్బా అడుగునుంచి మాత్రల రేకులు తీసి నా చేతిలో పెట్టింది. వాటిని తీసుకెళ్ళి మా కేంద్రంలో, నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మొదటి వారం ఏమీ కాలేదు. చూశావా అన్నట్టు అమ్మవైపు చూసేదాన్ని. తొమ్మిదో రోజున తమ్ముడు పాలు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "అమ్మా, వాళ్ళు లేచారు" అన్నాడు. వాడికి ముందునుంచీ తెలుసని అప్పుడర్థమైంది. తెలిసే తాగేవాడు, తెలియనట్టుండేవాడు. మా ఇంట్లో నిజంగా వేషం వేసింది ఆ పాల విషయంలోనే, అదీ అమ్మని కాపాడటానికి.

పన్నెండో రోజుకి అన్నం మానేశాడు. పద్నాలుగో రోజున చెప్పుల పాలిష్ తీసి ఎడమ చెవి నిండా కూరుకున్నాడు. నాన్న కంగారుపడ్డాడు. ఆయన కంగారు కోపంగానే బయటికొస్తుంది. ఇంత బాగుపడ్డవాడు టీ కొట్టు జనం ముందు తన పరువు తీయడానికే మళ్ళీ మొదలుపెట్టాడని నమ్మాడు. స్కేలు విరిగితే కర్ర తెచ్చాడు. అమ్మ రోజూ గుమ్మం దగ్గర నిలబడి నేను పనినుంచి రాగానే నా సంచివైపు చూసేది, మాత్రలు తెచ్చానేమోనని. నేను వేళ్ళు చూపించేదాన్ని. ఇంకా ఏడు. ఇంకా ఆరు.

పదిహేడో రోజు పొద్దున నాన్న బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఫోనొచ్చి బయటికెళ్ళాడు. తమ్ముడు ఆ ఇస్త్రీపెట్టె ఎత్తి ఎడమ చెవికి అదిమి పెట్టుకున్నాడు. అరవలేదు. అరిచింది అమ్మ. మేం వెళ్ళేసరికి ఇంకా పట్టుకునే ఉన్నాడు. "వెళ్ళట్లేదు, వెళ్ళట్లేదు" అంటున్నాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఆ చెవి ఇక పనిచేయదన్నారు. అంటే ఆ చెవిలో ఇప్పుడు వాడికి ఆ ఇద్దరి మాటలు తప్ప ఇంకేవీ వినపడవు. అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"మానసిక వైద్యుల్ని పిలుస్తాం. ఇప్పుడే ఒక ఇంజెక్షను ఇస్తే కాస్త నెమ్మదిస్తాడు."

ఇంకా నాలుగు రోజులు. ఆ ఇంజెక్షను పడితే పదిహేడు రోజులూ వృథా. చెవి వృథా.

"మాకు డాక్టరున్నారు. ఆయన దగ్గరికే తీసుకెళ్తాం" అన్నాను.

"ఇలాంటి మనిషిని ఇలాగే తీసుకెళ్తానంటారా?"

"రాసిస్తాను."

నా పూచీమీద తీసుకెళ్తున్నానని రాసి సంతకం పెట్టాను. వసారాలోకొచ్చి మేడంకి ఫోన్ చేశాను. "తలపట్టీ ఎడమవైపు కొంచెం కోసి సర్దొచ్చాండీ?" అని అడిగాను. "చీము పట్టకుండా ఉంటే సర్దొచ్చు" అంది. వెనక్కి తిరిగితే అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. నాతో అప్పుడేమీ అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు.

ఇరవై రెండో రోజున పట్టీ కోసి, దూది పెట్టి, వాణ్ణి పడుకోబెట్టాను. ఈసారి ఏమీ అడగలేదు. కంటికొసనుంచి నీళ్ళు కట్టులోకి దిగుతున్నాయి గానీ తల మాత్రం వెంట్రుకవాసి కదల్చలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు బొమ్మలూ రంగుల్లో అచ్చువేయించి, మాత్రల రేకులతో సహా తీసుకొచ్చి నాన్న ముందు బల్లమీద పరిచాను. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తమ్ముడు మూలన కుర్చీలో, తలకి కట్టుతో. నాన్న వాడు చేసిచ్చిన జోడు తీసి పెట్టుకున్నాడు.

ఎప్పటినుంచో తయారు చేసుకున్న పాఠం అది. ఆయనకి అర్థమయ్యే భాషలోనే చెప్పాను. "నాన్నా, మెదడు ఒక బస్సు అనుకోండి. అందులో సీట్లుంటాయి. మేమిచ్చే సూదిమందు ఖాళీ సీట్లలో కూర్చుని వెలుగుతుంది. మాత్ర వేస్తే ఆ సీట్లలో మాత్ర కూర్చుంటుంది. ఇదిగో, ఇది మాత్ర వేసినప్పటిది. ఇది మాత్ర ఆపేశాక."

"మాత్ర ఎప్పుడు వేశారు?"

నా పాఠంలో ఆ ప్రశ్న లేదు. ఆయన నా ముఖం చూశాడు, తమ్ముడి ముఖం చూశాడు. అమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమే చెప్పేసింది.

"నేనే వేశాను. చలికాలం చివర్నుంచీ. పాలల్లో."

నాన్న ముఖం నేనెప్పుడూ చూడనట్టుగా అయింది. "అయితే వాడు తేరుకున్నది..." అని ఆగిపోయాడు. నాలుగు మైళ్ళ నడక, స్కేలు, టీ కొట్టు దగ్గర చెప్పుకున్న మాటలు, అన్నీ ఆయన కళ్ళముందు తిరిగి ఉంటాయి. ఒక్క నిమిషం, గట్టిగా ఒక్క నిమిషం, ఆయన మావైపు వచ్చేలా ఉన్నాడు. ఆ నిమిషంలో నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"బొమ్మ చూడండి నాన్నా, మీకే తెలుస్తుంది" అన్నాను.

చూశాడు. ఒకటి ధగధగ వెలుగుతోంది. ఇంకోటి ఆరిపోయిన కొంపలా ఉంది.

"వెలుగుతున్నది మాత్ర లేనప్పటిదా?"

"అవును, కానీ అది..."

"ఈ మసకది మాత్ర వేసినప్పటిదా?"

"సీట్లు నిండిపోయాయి కాబట్టి నాన్నా..."

"నువ్వు చెప్పిన బస్సే కదే!" నాన్న లేచి నిలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది ఆయనకి. "మెదడులో దీపం వెలుగుతుంటే మాత్ర ఎక్కి ఆర్పేసింది. టికెట్టు లేకుండా ఎక్కి సీట్లన్నీ ఆక్రమించింది. నా కొడుకు మెదడు ఇదిగో, నిక్షేపంలా ఉంది. జబ్బేది? వేలుపెట్టి చూపించు!"

నేను వెలిగిన బొమ్మమీద వేలుపెట్టబోయి ఆగిపోయాను. ఎక్కడ పెట్టను? మేడం వందసార్లు చెప్పింది. ఒక్క బొమ్మలో కనపడదు.

అప్పుడు తమ్ముడు లేచి వచ్చాడు. అద్దాలు చూసే పనివాడి లాగే కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. వెలిగిన బొమ్మలో ఎడమ గింజమీద వేలు పెట్టాడు. "పడ్డారు" అన్నాడు. "ఈయన ముసలాయన. ఇటువైపు ఆవిడ. కళ్ళు తెరుచుకుని ఉన్నారు చూడు." తర్వాత మసక బొమ్మ అందుకున్నాడు. వాడి ముఖం విచ్చుకుంది. "ఇక్కడ పడుకున్నారు. అక్కా, నాకు ఇందులో లాగా ఉండాలి. ఈ మాత్రలే కదా అవి? ఇవ్వవా?"

ఆ గదిలో బొమ్మని సరిగ్గా చదివినవాడు వాడొక్కడే.

"అందుకున్నాడండీ వేషగాడు!" అని నాన్న చప్పట్లు కొట్టి నవ్వాడు. నవ్వుతూనే మాత్రల రేకులు తీసుకుని, సింకు దగ్గర నిలబడి, ఒక్కో మాత్రనీ బొటనవేలితో నొక్కి తూములోకి వదిలాడు. కుళాయి విప్పాడు. తమ్ముడు పక్కనే నిలబడి ఒక్కోటీ పోవడం చూశాడు. ఆ రోజునుంచి వాడి పాలగ్లాసు ముందు నాన్న రుచి చూసేవాడు. అడుగున తెల్లగా ఏమైనా పేరుకుందేమోనని వెలుతురుకి ఎత్తి చూసేవాడు.

వెలిగిన బొమ్మకి అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. ఇంటికెవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు. మావాడి మెదడండీ, ఎక్కడా మచ్చలేదు, మా అమ్మాయే తీసింది. తమ్ముడు హాల్లోకి రావడం మానేశాడు. రావలసివస్తే గోడకి వీపు రాసుకుంటూ వచ్చేవాడు.

ఐదో రోజున నేను పనినుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు, తమ్ముడు లేడు. అమ్మ ఫోను బల్లమీదే ఉంది. చీటీ లేదు. నాలుగు జతల బట్టలు తీసుకెళ్ళింది. అతికించిన మందుల చీటీ ఆవిడ పెట్టెలో లేదు. నా సొరుగు తీసి చూశాను. బొమ్మలు దాచిన కవరు ఉంది, మసక బొమ్మ లేదు.

నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. "వస్తార్లే. టికెట్టు లేకుండా ఎంతదూరం పోతారు? మూడో స్టాపులో దింపేస్తారు" అన్నాడు.

దింపలేదు. బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఒక పిన్ని దగ్గర మాత్రం మాట తడబడింది. గట్టిగా అడిగితే, "నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుందమ్మా" అని పెట్టేసింది. నాన్నకి చెప్పొద్దని కాదు. నాకు చెప్పొద్దని. వాడు మాత్రలు వేసుకుంటున్నాడో లేదో, పిట్ట అరుపు మిగిలిన ఆ ఒక్క చెవికైనా వినపడుతోందో లేదో నాకు తెలియదు. వానలు మొదలయ్యాయి. మేడం రాసిన వ్యాసంలో పదిహేడో నంబరు జత మొదటి పేజీలోనే పడింది. అందరూ మెచ్చుకున్నారు.

వెలిగిన బొమ్మ ఇంకా మా హాల్లోనే ఉంది. దాని కిందే కూర్చుని తింటాం ఇద్దరం. ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఒక ముసలాయన, ఒక ఆడమనిషి. ఆయన లేనివాళ్ళని పొద్దస్తమానం తిడుతూ ఉంటాడు. "కాస్త ఓర్చుకోండి నాన్నా" అంటూ ఉంటాను నేను.